మొదటి కెమెరా కొనాలనుకునే రైతుకు: నేను చేసిన తప్పులతో సహా



జూన్‌లో తొలకరి పడిందంటే చాలు, మా వజ్రకరూరుకు కెమెరాలు వస్తాయి. మా కోసం కాదు, వజ్రాల కోసం. వాన వెలిసిన మరుసటి రోజు ఎక్కడెక్కడి జనమో సద్ది కట్టుకొని వచ్చి ఎర్ర చేన్లల్లో వంగి రాళ్ళు వెతుకుతుంటారు. వాళ్ళను తీసేకి టీవీ వాళ్ళు, యూట్యూబ్ వాళ్ళు వస్తారు. ఆ చేన్లో మేము పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి ఉంటాము, అప్పుడే మొలక లేస్తుంటుంది. దాని మీదనే నడుస్తారు. ఆ మొలకను మాత్రం ఒక్కరూ ఫోటో తీయరు.

రెండోసారి కెమెరాలు వచ్చేది కరువప్పుడు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా కదా, ఆ అవకాశం వాళ్ళకు తరచుగానే దొరుకుతుంది. నెర్రెలిచ్చిన చెరువు, నెత్తిన చేయి పెట్టుకొని ఆకాశం చూసే ముసలాయన. ఆ ముసలాయనను అట్లా కూర్చోమని చెప్పి తీసింది నేను చిన్నప్పుడు కళ్ళారా చూసినా.

ఈ రెండు రకాల ఫోటోలు తప్ప మా ఊరివి ఇంకేవీ బయటికి పోలేదు. మన చేన్లో మనం చేసే పని మనమే చూపించుకోవాలి అనే మాట అందరికీ తెలుసు. నేను కెమెరా కొనింది మాత్రం అంత పెద్ద ఆలోచనతో కాదు. ఒక తప్పు చేసి కొన్నా. మొదట అది చెప్తా.

మసకగా వచ్చిన ఒక ఫోటో

శెనక్కాయలో అంతర పంటగా అలసంద వేసినా. ఆగస్టులో ఇరవై రోజులు వాన లేదు. అలసంద కొమ్మల మీద పేనుబంక పట్టింది. దాని పక్కనే నల్లగా, పొడుగ్గా, మొసలి పిల్ల మాదిరి నడిచే చిన్న పురుగులు కనిపించినాయి. అర సెంటీమీటరు ఉంటాయేమో. ఫోన్‌తో ఫోటో తీస్తే మసగ్గా నల్ల గీత మాదిరి వచ్చింది. దాన్నే ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టినా. "ఏదో గొంగళి జాతి, అగ్నిఅస్త్రం కొట్టు" అన్నారు. కొట్టినా.

వారం పది రోజుల్లో అలసంద కొమ్మలు తారు పూసినట్టు నల్లబడినాయి. పేనుబంక అంతకుముందు కంటే నాలుగింతలైంది. నేను చంపింది అక్షింతల పురుగు పిల్లలను. పేనుబంకను తినేదే అవి. పెద్ద పురుగు ఎర్రగా గుండ్రంగా నల్ల చుక్కలతో ఉంటుంది కాబట్టి ఎవరైనా గుర్తు పడతారు. దాని పిల్ల వేరే ఆకారంలో ఉంటుంది, ఒంటి మీద నారింజ రంగు మచ్చలు ఉంటాయి. ఆ మచ్చలు నా ఫోటోలో లేవు. వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి, పుస్తకంలో ఆ బొమ్మ చూసినోణ్ణే. చేన్లో ఎండలో, తొందరలో, చెమటలో గుర్తుకు రాలేదు. ఫోటో స్పష్టంగా ఉండి ఉంటే గ్రూపులో ఉన్న వందల మందిలో ఒక్కరైనా "ఆగు" అనేవాళ్ళు.

ఆ సంవత్సరం అలసంద మాకు ఇంట్లోకి కూడా మిగల్లేదు. అది పోతే పోయింది. గ్రూపులో నా మాట విని ఇంకా ఇద్దరు కొట్టినారు, అదే నాకు బాధ.

ముందు ఏం తీయాలో రాసుకోండి

కెమెరా అంగట్లోకి పోతే మొదట అడిగేది "బడ్జెట్ ఎంత సార్?" అని. మనం మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అది కాదు. ఎద్దులు కొనేటప్పుడు గొర్రుకా, బండికా అని చూస్తాం కదా, అట్లనే.

నేను చీటీలో రాసుకుంది ఇది: పురుగులు, ఆకు మచ్చలు దగ్గరగా తీయాలి. ఒకే చేనును పొడి దుక్కి నుంచి కోత దాకా తీయాలి. గానుగ నూనె, కొర్రలు అమ్మేకి ఫోటోలు కావాలి. రైతులతో మాట్లాడిన వీడియోలు చేయాలి.

ఈ నాలుగిట్లో రెండో పని, మూడో పని మీ చేతిలో ఉన్న ఫోనే చేస్తుంది. నిజం చెప్తున్నా. వెలుతురు బాగుంటే పది పన్నెండు వేల ఫోన్ కూడా చేనును బాగా తీస్తుంది. మీకు ఆ రెండే పనులుంటే ఇక్కడితో ఆపేసి, ఆ డబ్బుతో ఒక ఆవుకు మేత కొనుక్కోండి. ఫోన్ ఓడిపోయేది మూడు చోట్ల: అర సెంటీమీటరు పురుగు దగ్గర, వెలుతురు తక్కువైనప్పుడు, దూరంగా కదిలే వాటి దగ్గర. ఇప్పుడు కొన్ని ఫోన్లకు మ్యాక్రో అని ఇంకో కన్ను పెడుతున్నారు. చవక ఫోన్లలో అది పేరుకే ఉంటుంది, ఒకసారి వేలి గోరును తీసి చూసుకోండి, తెలిసిపోతుంది.

అంగట్లో నాకు మొదట చూపించింది 60 రెట్లు జూమ్ అయ్యే కెమెరా. గుంతకల్లు రోడ్డు మీద నిలబడి కొండ మీది గాలిమర రెక్కను దగ్గరికి లాక్కోవచ్చు. మనసు లాగింది. కానీ దాని లోపల వెలుతురు పట్టే పలక, సెన్సార్ అంటారు, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. లెన్సు మార్చుకునే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో, అందులో చవక రకాల్లో కూడా, ఆ పలక సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్క వేస్తే పన్నెండు రెట్లకు పైమాటే. వాన నీళ్ళు పట్టేకి చెంబు పెట్టినదానికి, గంగాళం పెట్టినదానికి ఎంత తేడానో అంత తేడా. మెగాపిక్సెళ్ళు ఎన్ని అనేది దాని తర్వాత సంగతి.

నేను కొన్నది, అందులో నా తెలివితక్కువ

కొత్తది కొనే స్తోమత లేదు. పెళ్ళిళ్ళు తీసే ఒకాయన దగ్గర నికాన్ డీ3400, 18-55 లెన్సుతో సహా పాతది తీసుకున్నా. 2016లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెళ్ళు. మా పల్లెకు సరిపోయే గుణం ఒకటుంది దాంట్లో. ఒకసారి ఛార్జి చేస్తే కంపెనీ లెక్క ప్రకారం 1,200 ఫోటోలు వస్తాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట ఇది చిన్న విషయం కాదు.

పాత కెమెరా కొనేటప్పుడు పాత ట్రాక్టరుకు ఎన్ని గంటలు తిరిగిందో చూసినట్టు, ఇది ఎన్నిసార్లు క్లిక్‌మందో చూడాలి. దాన్ని షటర్ కౌంట్ అంటారు. ఈ రకం చిన్న కెమెరాల షటర్ లక్ష క్లిక్కుల దాకా అనుకోవచ్చు. పెళ్ళిళ్ళకు తిరిగిన కెమెరా రెండు సీజన్లలో అందులో సగం తినేసి ఉంటుంది. నికాన్‌లో అయితే ఒక ఫోటో తీసి, ఆ ఫైలును షటర్ కౌంట్ చూపించే వెబ్‌సైట్‌లో పెడితే అంకె కనిపిస్తుంది. కెనాన్‌లో చాలా మోడళ్ళకు అట్లా కనిపించదు. లెన్సులో టార్చి వేసి అవతలి నుంచి చూడండి. సాలెగూడు మాదిరి సన్న పోగులు కనిపిస్తే బూజు పట్టినట్టు, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. కోస్తా నుంచి వచ్చిన లెన్సులో ఈ జబ్బు ఎక్కువ. మన పొడి గాలికి బూజు తక్కువ, దాని బదులు దుమ్ము.

ఇవన్నీ చూసుకునే తీసుకున్నా. ఇంటికి తెచ్చి, వీడియోల కోసం వెయ్యి రూపాయలు పెట్టి కాలర్ మైకు తెప్పించినా. కెమెరా అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే మైకు గుచ్చేకి బొక్కే లేదు! అంతకు ముందు వచ్చిన డీ3300కు ఉంది. డీ3400లో తీసేసినారు, డీ3500లో కూడా పెట్టలేదు. కెనాన్‌లో 1300డీ, 1500డీలకు లేదు, 200డీకి ఉంది. నికాన్ డీ5300కు ఉంది, పైగా దాని తెర బయటికి తిరుగుతుంది కాబట్టి ఒంటరిగా వీడియో చేసుకునే వాళ్ళకు బాగుంటుంది. అద్దం లేని కొత్త రకాల్లో కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండిటికీ ఉంది. వీడియో మీ పనిలో భాగమైతే ఈ ఒక్క బొక్క చూసి కొనండి. మన వీడియోలు జనం వదిలేసి పోయేది బొమ్మ బాగాలేక కాదు, మాట వినపడక. మా పక్క గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఇక్కడి గాలికి మైకులో గూగూమనే తప్ప ఇంకేం వినపడదు. మైకుకు బొచ్చు టోపీ వేయాల్సిందే.

ఇప్పుడు నేను చేసేది: మైకును ఫోన్‌కు పెట్టి రైతు జేబులో వేస్తా, రికార్డింగ్ నొక్కుతా. కెమెరా కూడా నొక్కి, ఎదురుగా నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొడతా. ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర బొమ్మను, మాటను కలిపేస్తా. పోయిన నెల కంది వీడియోలో మొదట వినిపించిన చప్పుడు ఏందని ఇద్దరు అడిగినారు, అదే ఇది. కోసేయడం మర్చిపోయినా.

రెండో తప్పు లెన్సుది. పాత 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్సు చవగ్గా దొరికితే తీసుకున్నా. తగిలిస్తే దానంతట అది ఫోకస్ కాదు. ఆ పాత రకం లెన్సులో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారు దాన్ని తిప్పాలి. నికాన్ డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఆ మోటారు లేదు. వాటికి ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సు కొనాలి. కెనాన్ వాళ్ళ ఈఎఫ్ లెన్సులన్నిటికీ మోటారు లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఈ తిప్పలు లేవు. ఆ లెన్సు ఆరు నెలలు బీరువాలో పడి ఉండింది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

వెలుతురు లెక్క

ఫోటో అంటే వెలుతురును తగినంత పట్టడం. డ్రిప్పు పెట్టినోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. గేటు వాల్వు ఎంత తెరిచినాము, మోటారు ఎంతసేపు ఆడించినాము, ఈ రెండూ కలిస్తేనే మడిలో నీళ్ళు. కెమెరాలో వాల్వును అపర్చర్ అంటారు, సమయాన్ని షటర్ స్పీడ్ అంటారు. వాల్వుకు తిక్క లెక్క ఒకటుంది: ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ బొక్క చిన్నదవుతుంది. ఎఫ్/4 పెద్దది, ఎఫ్/16 చిన్నది. మూడోది ఐఎస్‌ఓ. అది యూరియా లాంటిది. వేస్తే వెంటనే ఫోటో వెలుగుతుంది, ఎక్కువ వేస్తే ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. పగలు 100, 200 దాటకుండా చూసుకోండి. చీకటి పడినాక తప్పనప్పుడు 1600 దాకా నేను వేస్తా, ఇక్కడ ప్రకృతి వ్యవసాయ నియమాలు ఏం లేవు.

మనకు బాగా పనికొచ్చే పాత సూత్రం ఒకటుంది. ఫిల్ము రీళ్ళ కాలం నుంచి వాడుతున్నారు. మబ్బు లేని ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, షటర్ స్పీడ్‌ను ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా పెట్టాలి. అంటే ఐఎస్‌ఓ 100 అయితే షటర్ 1/125 సెకను. అనంతపురం ఎండ కోసమే రాసినట్టుంటుంది. కానీ మనకు గాలి ఉంది. 1/125లో ఆకు ఊగి మసక పడుతుంది. అందుకని వాల్వును రెండు మెట్లు తెరవండి, ఎఫ్/8. సమయాన్ని రెండు మెట్లు తగ్గించండి, 1/500. లోపలికి వచ్చే వెలుతురు అంతే, ఆకు మాత్రం నిలబడుతుంది. ఈ ఒక్క లెక్క అర్థమయ్యేకి నాకు నెల పట్టింది. కొర్ర కంకి ఒకటి పట్టుకొని, దాన్నే రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసినా. ఇంట్లో వాళ్ళు నవ్వినారు. నవ్వనీ అనుకున్నా.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఫోటో తీయొద్దు. తీయక తప్పకపోతే వేపచెట్టు నీడలోకి పోండి. వజ్రాలు వెతికేవాళ్ళు ఏటవాలు ఎండలో రాయి మెరుపు పట్టుకుంటారు చూడండి, ఆ వెలుతురే మనకూ కావాల్సింది. పొద్దున ఎనిమిదిన్నర లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఆ పక్క వెలుతురులోనే మట్టి గుల్ల, ఆకు నూగు, మల్చింగ్ మందం కనిపిస్తాయి.

ఎర్ర నేల ఇంకో చిక్కు తెస్తుంది. ఫ్రేమంతా ఎరుపే ఉంటే కెమెరా కంగారుపడి రంగును చల్లబరుస్తుంది. శెనక్కాయ ఆకు పసుపు తిరిగింది ఇనుము లోపమా కాదా అని ఫోటో చూసి అడిగేవాళ్ళకు ఆ రంగే ప్రాణం. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలొద్దు, సూర్యుడి గుర్తు మీద పెట్టండి. ఆకు పక్కన తెల్ల కాగితం ముక్క ఒకటి పెట్టి తీయండి. చూసేవాళ్ళు కాగితాన్ని బట్టి రంగు లెక్క కట్టుకుంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలుగా పంపితే ఫోటోను నలిపి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

ఒకే రాయి దగ్గర నిలబడి

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకు అన్నిటికంటే పనికొచ్చే ఫోటో ఏదంటే, అందమైనది కాదు. ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తు నుంచి, ఏడాది పొడవునా తీసింది. నవధాన్యాలు వేసిన చేను, వేయని చేను పక్కపక్కన చూపించి మనం మాట్లాడతాం. ఒకటి ఉదయం తీసి, ఇంకోటి మధ్యాహ్నం తీసి, ఒకటి కింద కూర్చొని, ఇంకోటి నిలబడి తీస్తే ఎవరు నమ్మాలి? నేనే నమ్మను. కింద కూర్చొని తీస్తే పలుచని పైరు కూడా ఒత్తుగా కనిపిస్తుంది. ఈ మాయ చేసి వీడియోలు పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు, చెప్పేకి బాధగానే ఉంది.

మా చేన్లో సర్వే రాయి ఉంది. దాని పక్కన నాలుగున్నర అడుగుల దగ్గర గీత గీసిన వెదురు కర్ర పెడతా. కెమెరా ఆ గీత మీద. లెన్సు 18 దగ్గర. ఉత్తరం వైపు చూసేట్టు నిలబడితే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ వీపు వైపే ఉంటుంది. ఎమ్ అనే మ్యాన్యువల్ మోడ్‌లో పెట్టి, రెండు చేన్లకూ అంకెలు మార్చకుండా తీస్తా. ఆటోలో పెడితే వట్టి నేలను కెమెరా ఒక రకంగా, పచ్చ చేనును ఇంకో రకంగా వెలిగిస్తుంది, పోలిక చెడిపోతుంది. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టుకోవడం మర్చిపోవద్దు. నా మొదటి నాలుగు నెలల ఫోటోల మీద వేరే సంవత్సరం ఉంది. వాటిని దేనికీ వాడుకోలేకపోయినా.

పదిహేను రోజులకొకసారి, బాగున్నా బాగలేకపోయినా తీయాలి. వాన ఎగ్గొట్టిన సెప్టెంబరులో నా నవధాన్యాల చేను కూడా వాడిపోయింది. ఆ ఫోటో తీసేకి చేయి రాలేదు. తీసినా. పక్క చేను కంటే తొమ్మిది రోజులు ఆలస్యంగా వాడింది అని చెప్పగలిగింది ఆ వాడిన ఫోటోలు ఉన్నందుకే.

బీరువాలోని లెన్సు

ఆ 50 మి.మీ. లెన్సును తిరగేసి తగిలిస్తే భూతద్దం అవుతుందని తర్వాత తెలిసింది. తిప్పి పట్టే రింగు ఒకటి దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలు. ఆ లెన్సుకు 52 మి.మీ. సైజుది సరిపోతుంది. కొత్త రకం నికాన్ లెన్సులు తిరగేస్తే వాటి లోపలి బొక్క పూర్తిగా మూసుకుపోతుంది, చీకటి. ఈ పాత దానికి చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉంది కాబట్టి మనకు కావాల్సినంత తెరుచుకోవచ్చు. పనికిరాదనుకున్న లెన్సు అట్లా పనికొచ్చింది.

తేడా ఎంతో లెక్క చెప్తా. డీ3400తో వచ్చే 18-55 లెన్సుతో ఎంత దగ్గరికి పోయినా, అర సెంటీమీటరు పురుగు సెన్సార్ మీద 1.9 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఫోటో వెడల్పు 6,000 పిక్సెళ్ళలో దాదాపు 480. గుర్తు పట్టేకి అది చాలు, మీరు రింగు కొనకపోయినా పర్వాలేదు. లెన్సు తిరగేస్తే పురుగు దాదాపు దాని అసలు సైజులో పడుతుంది, వెయ్యికి పైగా పిక్సెళ్ళు. కాళ్ళ మీది వెంట్రుకలు కనిపిస్తాయి.

కష్టం లేకపోలేదు. ఫోకస్ తిప్పేది ఉండదు, మీరే ముందుకు వెనక్కు ఊగి పట్టుకోవాలి. పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి పోవాలి. మీ నీడ పడితే అది ఎగిరిపోతుంది. గాలికి కొమ్మ ఊగకుండా ఎడమ చేత్తో కాడ పట్టుకొని, ఆ చేతి మీదనే లెన్సు ఆనించుకుంటా. ఎఫ్/8 లేదా ఎఫ్/11, షటర్ 1/200, కెమెరా మీది ఫ్లాష్ లేపి దాని ముందర తెల్ల కాగితం. యాభై తీస్తే మూడు బాగుంటాయి. మొదట్లో ఆ మూడు కూడా రాలేదు.

పోయిన ఆగస్టులో మళ్ళీ అలసందలో పేనుబంక వచ్చింది. మళ్ళీ ఆ మొసలి పిల్లలు. ఈసారి నారింజ మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు ఫోటోలో. గ్రూపులో పెట్టి, కింద నా పాత మసక ఫోటో కూడా పెట్టి, జరిగింది రాసినా. కొట్టినోళ్ళు ఇద్దరూ చూసినారు. ఒకాయన ఏం అనలేదు, ఇంకొకాయన ఫోన్ చేసి "మా చేన్లో కూడా ఉండాయి, వచ్చి తీస్తావా?" అన్నాడు. పోయినా.

నూనె సీసాల ఫోటోల గురించి రెండు మాటలు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు సీసా వెనకనుంచి వచ్చేట్టు చూసుకుంటే గానుగ నూనె దానంతట అదే మెరుస్తుంది. ఫ్లాష్ వద్దు. నేను మొదట్లో ఫోన్ యాప్‌లో రంగు కొంచెం పెంచి పెట్టినా. బెంగళూరు నుంచి ఒకామె "ఫోటోలో ఉండే బంగారు రంగు సీసాలో లేదే, ఏం కలిపినారు?" అని అడిగింది. ఏమీ కలపని నూనెకు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ యాప్ తీసేసినా.

మనుషులను తీసేటప్పుడు

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైంది. అక్కడి సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు, చాలామంది చదువు లేనివాళ్ళు, చిరుధాన్యాలు పండించే వాళ్ళు, వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వరంగల్ పత్తి రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారో చూపిస్తూ 2003లో వాళ్ళు తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. వాళ్ళు ఇంగ్లీషు పేర్లు పట్టించుకోలేదు. పైనుంచి తీసేదానికి, కిందనుంచి తీసేదానికి పటేలు, జీతగాడు గుర్తొచ్చే పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి.

ఇది చదివినాక నా పాత ఫోటోలు తీసి చూసుకున్నా. కలుపు తీసే ఆడవాళ్ళందరినీ నేను గట్టు మీద నిలబడి పైనుంచి తీసినా. ఒక్కరి మొహమూ లేదు, అన్నీ వీపులే. పి. సాయినాథ్ గారు పల్లె ఆడవాళ్ళ కష్టం మీద పెట్టిన ఫోటోల ప్రదర్శనకు, కనపడేది పని, కనపడనిది ఆడమనిషి అనే అర్థం వచ్చే పేరు ఎందుకు పెట్టినారో అప్పుడు తెలిసింది.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. నేను నవధాన్యాలు అనే మాట నేర్చుకోకముందే ఆమె ఇంట్లో బూడిద కలిపిన కుండల్లో కొర్ర, అండుకొర్ర, ఆముదం, అనప విత్తనాలు ఉండేవి. కెమెరా తీసుకొని పోతే "ఏం నాయనా, కరువు ఫోటో తీసేకి వచ్చినావా? నెత్తిన చేయి పెట్టుకోవల్లా?" అనింది. నవ్వుతూనే అనింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు తీయలేదు. కూర్చొని కుండలు చూసి వచ్చినా.

మూడోసారి పోయినప్పుడు ఆమే పిలిచింది. నేను కింద కూర్చున్నా, ఆమె ఎదురుగా కుండలతో. సాయంత్రం ఐదు, వాకిట్లో నీడ, ఎదుటి తెల్ల గోడ నుంచి తిరిగొచ్చే వెలుతురు. మన నల్లటి మొహాలు, పక్కన తెల్ల గోడ ఉంటే కెమెరా గోడను చూసి మొహాన్ని ఇంకా నల్లగా చేస్తుంది. దానికి ప్లస్, మైనస్ అని ఉండే మీట ఒకటుంది, ప్లస్ ఒకటి దగ్గర పెట్టినా. విత్తనం చేతిలోకి తీసుకొని ఊది చూసుకునేటప్పుడు మూడు తీసినా.

గుంతకల్లు స్టూడియోలో పెద్ద సైజులో వేయించి ఇచ్చినా. చాలాసేపు చూసింది. తన మొహం కాదు, చేతిలో ఉన్నదాన్ని.

"ఇది పోయిన ఏటి కొర్ర. గింజ సన్నగా ఉండాది చూడు. ఈ ఏటిది కోసినాక మళ్ళీ వచ్చి తీయి" అనింది.

కోత నవంబరులో. ఆ వీడియో ఇక్కడే పెడతా.